ముందు ఖర్చు పెట్టండి, సబ్సిడీ తర్వాత

"ముందు మీ వంతు డబ్బు, అదే మార్జిన్, కట్టండి, లోన్‌తో ఆవుల్ని కొనండి, బిల్లులు తీసుకురండి, మేం వచ్చి చూస్తాం, సబ్సిడీ తర్వాత వస్తుంది." చిత్తూరు జిల్లాలో బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేసినన్నాళ్లూ నేను రైతులకు చెప్పిన మాట ఇదే. పలమనేరు వైపు చెప్పాను, పుంగనూరు వైపు చెప్పాను, చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. రిటైరై మద్రాసు వచ్చి పెరంబూరులో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాక తెలిసింది ఏమిటంటే, కాస్త అటూ ఇటూగా ఇదే మాటను యూరోపియన్ యూనియన్ సెర్బియాలో రాస్ప్‌బెర్రీ రైతుకీ, ఉత్తర మాసిడోనియాలో ద్రాక్షతోట ఆసామికీ, టర్కీలో పాడి పెట్టుకున్నాయనకీ చెబుతోందని.

మా అమ్మాయి ఇక్కడి ఓఎంఆర్ రోడ్డు మీద ఒక కంపెనీలో ఆడిట్ పని చేస్తుంది. యూరప్‌లో సబ్సిడీతో నడిచే ప్రాజెక్టుల ఖర్చు లెక్కలు సరిచూడటంలో కొంత భాగం వాళ్ల టీముకు వస్తుంది. ఆఫీసు కాగితాలు ఇంట్లో చూపించదు, చూపించకూడదు కూడా. ప్రశ్నలు మాత్రం అడుగుతుంది. ఒక రాత్రి అన్నాలు తింటుంటే, "నాన్నా, మీ బ్యాంకులో బిల్లు తేదీ సాంక్షన్ తేదీ కంటే ముందుంటే నువ్వేం చేసేవాడివి?" అంది.

"పక్కన పెట్టేసేవాణ్ణి."

"ఆవు నిజంగానే కొట్టంలో ఉన్నా?"

"ఉన్నా అంతే. సాంక్షన్ కాకముందు కొన్నావంటే సబ్సిడీ లేకపోయినా కొనగలవన్నట్టే కదా, అంటారు పైవాళ్లు."

"ఇక్కడా అదే నాన్నా" అని నవ్వింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు అంటే అబద్ధం, బాగానే పట్టింది. కానీ మర్నాటి నుంచి ఆ నిబంధనల పుస్తకాలు ఇంటర్నెట్‌లో వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ల పైన సబ్సిడీ ఫైళ్లు చూసిన వాడికి మరో ఊరి సబ్సిడీ ఫైలు కనబడితే చెయ్యి ఊరుకోదు.

సంగతి ఏమిటో ముందు చెబుతాను. యూరోపియన్ యూనియన్‌లో చేరాలనుకునే దేశాలకు, చేరకముందే తయారీ కోసమని యూనియన్ ఇచ్చే డబ్బు ఇది. ఐపీఏ అంటారు. 2007లో మొదలైంది, ఏడేళ్లకో విడత. ఇప్పుడు నడుస్తున్నది మూడో విడత, 2021 నుంచి 2027 దాకా. మొత్తం 1,416 కోట్ల యూరోలు. ఇందులోంచి తీసుకునేవి అల్బేనియా, బోస్నియా, కొసావో, మాంటెనెగ్రో, ఉత్తర మాసిడోనియా, సెర్బియా, టర్కీ.

1,416 కోట్ల యూరోలు అంటే చాలా పెద్ద మొత్తంలా వినబడుతుంది. యూరో వంద రూపాయలు అనుకుని లెక్క కట్టండి, లక్షా నలభై వేల కోట్ల చిల్లర. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025-26 సంవత్సరానికి పెట్టిన బడ్జెట్టే 3.22 లక్షల కోట్లు. అంటే ఒక రాష్ట్రం ఒక్క ఏడాదికి వేసుకున్న బడ్జెట్‌లో సగం కూడా లేని డబ్బు, ఏడు దేశాలకు, ఏడేళ్లకు. టర్కీలో ఒక్క ఇస్తాంబుల్ జనాభాయే కోటిన్నర దాటింది. ఈ డబ్బుతో దేశాలు బాగుపడిపోతాయని అక్కడెవరూ అనుకోరు. మరి ఎందుకిస్తున్నారు? నాకు అర్థమైనంత వరకు, డబ్బు ఖర్చు పెట్టడం నేర్పడానికి ఇస్తున్నారు. రైతుకు కాదు, ఆఫీసుకు.

ఈ మాట కాస్త వివరంగా చెప్పాలి. క్రొయేషియా 2013 జూలై 1న యూనియన్‌లో చేరింది. చేరకముందు, 2007 నుంచి 2013 దాకా ఐపీఏ కింద ఆ దేశానికి కేటాయించింది దాదాపు వంద కోట్ల యూరోలు. చేరాక, 2014-2020 విడతలో యూనియన్ నిధుల నుంచి కేటాయింపు వెయ్యి కోట్ల యూరోలు దాటింది. పదింతలు! ప్రధాన భూభాగం నుంచి దక్షిణపు కొసకు వెళ్లాలంటే బోస్నియా మీదుగా వెళ్లాల్సిన అవస్థ తప్పించడానికి సముద్రం మీద పెల్యెషాత్స్ వంతెన కట్టుకున్నారు, 2022లో తెరిచారు. దానికి యూనియన్ ఇచ్చింది 35.7 కోట్ల యూరోలు, అంతకుముందు దేశమంతటికీ ఏడేళ్లకు ఇచ్చినదాంట్లో మూడో వంతు పైన. చేరిన మర్నాటి నుంచి ఇంత డబ్బు వచ్చి పడుతుందంటే దాన్ని టెండరు పిలిచి, పని చూసి, బిల్లు పాస్ చేసి, ఐదేళ్ల తర్వాత ఆడిటర్ వచ్చినా కాగితం చూపించగల ఆఫీసు ముందే ఉండాలి. అది రాత్రికి రాత్రి తయారవదు. అందుకే చిన్న డబ్బుతో ముందు చేయిస్తారు.

కొత్త ఆలోచనేం కాదిది. 1989లో పోలండ్, హంగరీలకు సాయం అని 'ఫార్' అనే పథకం మొదలైంది, తర్వాత తూర్పు యూరప్ దేశాలన్నిటికీ పాకింది. 2000 నుంచి దానికి మరో రెండు తోడయ్యాయి. రోడ్లు, రైళ్లు, మురుగునీటి శుద్ధి వగైరాలకు 'ఇస్పా', వ్యవసాయానికి 'సపార్డ్'. మూడూ కలిపి ఏడాదికి 312 కోట్ల యూరోలు. వీటిలో నాకు ఆసక్తి సపార్డ్ మీద. ఎందుకంటే డబ్బు చేతులు మారే పని యూనియన్ ఆఫీసులుండే బ్రస్సెల్స్ నుంచి కాకుండా ఆయా దేశాల్లోనే పెట్టిన చెల్లింపు సంస్థల చేతికిచ్చారు. ఇచ్చేముందు ఆ సంస్థకు పరీక్ష. ఫైలు ఒకరు చూస్తే సంతకం మరొకరు పెట్టాలి, చెక్కు ఇంకొకరు రాయాలి, తనిఖీకి వెళ్లేవాడు వేరే ఉండాలి, వీళ్లందరి మీదా లోపలి ఆడిటర్ ఉండాలి. 2000లో మొదలుపెడతామన్న పథకానికి మొదటి అనుమతి బల్గేరియాకు 2001లో వచ్చింది, పోలండ్‌కు 2002లో. డబ్బు సిద్ధంగా ఉంది, రైతులు సిద్ధంగా ఉన్నారు, ఆఫీసు లేదు.

పదిహేనేళ్ల తర్వాత కూడా అదే కథ. ఐపీఏ కింద సెర్బియా గ్రామీణాభివృద్ధి కార్యక్రమానికి 2015లో ఆమోదం ఇచ్చారు, 17.5 కోట్ల యూరోలు. బెల్‌గ్రేడ్‌లోని చెల్లింపు సంస్థ ఆ డబ్బు ముట్టుకోవడానికి అనుమతి 2018లో వచ్చింది. ఈలోగా రైతులు ఏమనుకుని ఉంటారో నేను ఊహించగలను. "సార్, పేపర్లో పడింది కదా, మీ దగ్గరికి ఇంకా రాలేదా?" అని మా బ్రాంచి కౌంటరు దగ్గర నిలబడి అడిగినవాళ్ల మొహాలు ఇప్పటికీ గుర్తే. పేపర్లో పడిన తేదీకీ సర్క్యులర్ వచ్చిన తేదీకీ మధ్య కాలంలో ఫీల్డ్ ఆఫీసరంత అబద్ధాలకోరు ఊళ్లో ఇంకొకడుండడు.

ఇక అసలు విషయం, ఈ వ్యవసాయ సాయం రైతు చేతికి ఎలా అందుతుంది అన్నది. ఐపీఏలో ఈ వ్యవసాయ భాగం పేరు ఐపార్డ్. ఒక పాడి రైతు లక్ష యూరోలతో కొట్టం, పాలు చల్లబరిచే ట్యాంకు, పేడ నిల్వకు కాంక్రీటు గుంత కట్టుకోవాలనుకున్నాడు అనుకోండి. సబ్సిడీ 60 శాతం. అందులో ముప్పావు వంతు యూనియన్‌ది, పావు వంతు ఆ దేశ ప్రభుత్వానిది. అంటే 45 వేలు బ్రస్సెల్స్ నుంచి, 15 వేలు సొంత ప్రభుత్వం నుంచి, 40 వేలు రైతు జేబులోంచి. యువ రైతులకు, కొండ ప్రాంతాల వాళ్లకు శాతం ఇంకాస్త పెరుగుతుంది. చూడ్డానికి మన పథకాల కంటే ఎంతో ధారాళంగా ఉంది. మన దగ్గర 2010లో వచ్చిన పాడి పథకంలో 25 శాతమే ఇచ్చారు, ఎస్సీ ఎస్టీలకు మూడో వంతు.

కానీ లక్షా ముందు రైతే పెట్టాలి. పని పూర్తవ్వాలి, బిల్లులన్నీ బ్యాంకు ద్వారా చెల్లించి ఉండాలి, సంస్థ మనిషి వచ్చి ట్యాంకు మీద సీరియల్ నంబరు చూసుకోవాలి, ఆ తర్వాతే 60 వేలు. ఖరీదు ఒక మొత్తం దాటితే మూడు కొటేషన్లు. నేల కొన్న ఖర్చు లెక్కలోకి రాదు, పన్ను లెక్కలోకి రాదు. 2014-20 విడతలో అయితే లక్ష యూరోలు దాటిన యంత్రం ఏ దేశంలో తయారైందో ధ్రువపత్రం కూడా పెట్టాలి. చివరి చెల్లింపు అయ్యాక ఐదేళ్లపాటు ఆ ట్యాంకు అమ్మకూడదు, వేరే పనికి వాడకూడదు. ముందస్తుగా కొంత ఇచ్చే వీలు నిబంధనల్లో ఉంది గానీ దానికి బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. గ్యారంటీ ఇవ్వగల బ్యాంకు చేతిలో ఉన్నవాడికి ముందస్తుతో పనేముంది?

ఇక్కడే నాకు మండుతుంది. డబ్బు ముందు పెట్టగలిగినవాడికే డబ్బు తిరిగి వస్తుంది. రెండావుల మనిషి ఈ గేటు దాటలేడు. నలభై ఆవుల ఆయన, ఊళ్లో ఇప్పటికే పేరున్న పాల ప్లాంటు యజమాని, ఫైలు రాయించడానికి కన్సల్టెంటును పెట్టుకోగలవాడు దాటతారు. మన పథకాల్లో మరో రకం తంటా ఉండేది. సబ్సిడీ కావాలంటే బ్యాంకు లోన్ తప్పనిసరి. లోన్ ఇవ్వడానికి మేనేజరు తల అడ్డంగా ఊపాడంటే సబ్సిడీ కూడా పోయినట్టే, అది అన్యాయమే. కానీ లోన్ వచ్చినవాడికి మాత్రం ఆవు కొనడానికి డబ్బు చేతిలో పడేది. అక్కడ సబ్సిడీ ఆఫీసు ఒక దారిన, బ్యాంకు ఒక దారిన. బాల్కన్ దేశాల్లో చిన్న రైతుకు లోన్ ఇవ్వడమంటే బ్యాంకులకు భయం, పొలం కాగితాలు తాతల పేరు మీద ఉంటాయి, అన్నదమ్ముల వాటాలు తేలి ఉండవు. ఈ మాట చదివినప్పుడు కుర్చీలోంచి లేచి "ఇది మా పలమనేరే" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి "ఏమైంది?" అని కేకేసింది.

పలమనేరు అంటే ఒక ఆవిడ గుర్తొస్తుంది. భర్త లేడు, రెండు జెర్సీ ఆవులకు లోన్ ఇచ్చాం. సబ్సిడీ మంజూరైంది, మాకు వచ్చింది. ఆవిడ పాసుబుక్కు తీసుకొచ్చి కౌంటరు మీద పరిచి, "సబ్సిడీ వచ్చిందన్నారే, ఇందులో లేదే సార్?" అంది. ఆ డబ్బు రైతు ఖాతాలో పడదు. సబ్సిడీ రిజర్వ్ ఫండ్ అని బ్యాంకు దగ్గర విడిగా ఉంటుంది, ఆ మేరకు లోన్ మీద వడ్డీ వేయరు, కిస్తీలన్నీ సక్రమంగా కట్టుకుంటూ వస్తే చివరి కిస్తీల్లో సర్దుతారు. నేను కాగితం మీద గీతలు గీసి చెప్పాను. ఆవిడ అంతా విని, "అంటే నేను ఎగ్గొట్టకుండా ఉండటానికి నా డబ్బే మీ దగ్గర తాకట్టు పెట్టుకున్నారన్నమాట" అంది. అరగంట నేను చెప్పినదానికంటే ఆ ఒక్క ముక్క ఖచ్చితంగా ఉంది. నా పక్క సీటు క్యాషియరు నవ్వు ఆపుకోలేక కిందికి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. ఒక ఆవు చెవి ట్యాగు ముళ్లకంపకు తగులుకుని ఊడిపోవడం, ఇన్సూరెన్సు వాళ్లు ట్యాగు లేని ఆవు మాది కాదనడం, అది వేరే పురాణం.

వెనకనుంచి ఇచ్చే సబ్సిడీకి కారణం లేకపోలేదు. ముందే ఇచ్చేస్తే ఆవులు కాగితం మీదే పుడతాయి, కాగితం మీదే చస్తాయి. ఒకే ఆవును మూడు ఊళ్ల కొట్టాల్లో కట్టి ఫోటో తీయించినవాళ్లను నేను చూశాను. కాబట్టి బ్రస్సెల్స్ వాళ్లను తప్పుపట్టను. వాళ్లది వాళ్ల దేశాల జనం కట్టిన పన్ను. నేననేది ఒకటే, నిబంధన రాసినవాడికి దొంగ ఒక్కడే కనిపిస్తాడు, రెండావుల మనిషి కనిపించడు.

పాల సంగతి ఇంకొంచెం చెప్పాలి, నాకు ఇష్టమైన విషయం. ఐపార్డ్ సొమ్ముతో కట్టినది యూనియన్ ప్రమాణాలకు తగ్గట్టు ఉండి తీరాలి. పచ్చి ఆవుపాలలో మిల్లీలీటరుకు బ్యాక్టీరియా లక్ష దాటకూడదు, పొదుగు వాపును పట్టించే సొమాటిక్ కణాలు నాలుగు లక్షలు దాటకూడదు. పితికిన పాలు రోజూ తీసుకెళ్లేవైతే వెంటనే 8 డిగ్రీలకు, రోజు విడిచి రోజు తీసుకెళ్లేవైతే 6 డిగ్రీలకు చల్లబరచాలి. మా ఊళ్లల్లో తెల్లవారుజామున పితికిన పాలు అల్యూమినియం క్యాన్‌లో పోసి, రోడ్డు మీద వేపచెట్టు కింద పెట్టి, వ్యాను వచ్చేదాకా బీడీ తాగుతూ కూర్చునేవాళ్లు. ఆ పాలే మధ్యాహ్నానికి చిత్తూరు, రాత్రికి మద్రాసు. చలికాలం సరే, ఏప్రిల్‌లో ఆ క్యాన్ మూత తీస్తే వచ్చే వాసన చెప్పక్కర్లేదు. తర్వాత ఊరూరా బల్క్ కూలర్లు వచ్చాయి, పరిస్థితి మారింది.

అక్కడ ఈ లెక్క తప్పితే ఏమవుతుందంటే, దేశం యూనియన్‌లో చేరాక కూడా ఆ ప్లాంటు పాలు సరిహద్దు దాటలేవు. పోలండ్ 2004 మే 1న చేరినప్పుడు కొన్ని పాల ప్లాంట్లకు, మాంసం ప్లాంట్లకు కొన్నేళ్ల గడువు ఇచ్చారు, అప్పటిదాకా ఆ సరుకు సొంత దేశంలోనే అమ్ముకోవాలని షరతు పెట్టి. గడువులోగా మారలేనివి మూసుకోవాల్సిందే. అందుకే చేరకముందే ట్యాంకులకూ గచ్చు నేలలకూ డబ్బిచ్చింది. ఇందులో ధర్మం కొంత, వ్యాపారం కొంత. రేపు మన మార్కెట్లోకి వచ్చే పాలు మనం తాగాల్సినవే కదా అన్న ఎరుక కొంత.

ఆఫీసు నేర్చుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే బల్గేరియాను చూడాలి. సపార్డ్ అనుమతి అందరికంటే ముందు తెచ్చుకున్న దేశమే అది! 2007 జనవరి 1న రొమేనియాతో కలిసి యూనియన్‌లో చేరింది. చేరకముందు మంజూరైన డబ్బులో కొంత ఇంకా ఖర్చవుతూ ఉంది. 2008లో యూనియన్ పాలన నడిపే యూరోపియన్ కమిషన్ ఆ చెల్లింపులు ఆపేసింది. టెండర్లలో అవకతవకలు, స్వప్రయోజనాలు, మోసాలు జరిగాయన్న అనుమానాలు. రెండు ప్రభుత్వ సంస్థలకు డబ్బు నిర్వహించే అర్హతే రద్దు చేసింది. నవంబరుకల్లా ఫార్ కింద 22 కోట్ల యూరోలు శాశ్వతంగా వెనక్కి పోయాయి. సభ్యదేశమై రెండేళ్లు కూడా కాలేదు. బ్యాంకులో మాకు ఇలాంటిది జరిగితే బ్రాంచి మేనేజరును ట్రాన్స్‌ఫర్ చేసి ఊరుకునేవాళ్లు. అక్కడ నష్టపోయింది ఎవరు? టెండరు కొట్టేసినవాడు కాదు, పని సగంలో ఆగిన ఊరు.

బోస్నియాది ఇంకో తరహా. దేశంలో రెండు పెద్ద భాగాలు, వాటి మీద ఒక బలహీనమైన కేంద్రం. వ్యవసాయ సాయం రావాలంటే దేశానికంతటికీ ఒక చెల్లింపు సంస్థ ఉండాలి. అది ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే పీటముడి. చుట్టుపక్కల దేశాల రైతులు ఐపార్డ్ ట్రాక్టర్లు నడుపుకుంటుంటే వీళ్లు ఏళ్ల తరబడి చూస్తూ కూర్చున్నారు.

పొద్దున వాకింగులో ఇదంతా చెబితే, రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరైన గూడూరాయన ఒకరున్నారు, "ఎక్కడో కొసావోలో ఆవుకి ఎవడో డబ్బిస్తే నీకెందుకయ్యా టెన్షన్?" అంటారు. అంటూనే అన్నీ వింటారు. ఆయన అడిగిన ప్రశ్నే నాకు ఇంకా తెగలేదు. "సరే, కాగితాలన్నీ నేర్చుకున్నారు, ఆఫీసు పెట్టారు, ఆడిటర్ మెచ్చుకున్నాడు. తర్వాత చేర్చుకోకపోతే?"

ఉత్తర మాసిడోనియాను తీసుకోండి. 2004లో దరఖాస్తు పెట్టుకుంది, 2005 డిసెంబరులో అభ్యర్థి దేశం అయింది. పేరు మీద గ్రీసు అభ్యంతరం. ఏళ్లు నలిగి నలిగి, చివరికి 2019లో దేశం పేరే మార్చుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఫ్రాన్స్ అడ్డం పడింది. 2020లో బల్గేరియా అడ్డం పడింది, చరిత్ర గురించీ భాష గురించీ. అవును, పైన చెప్పిన ఆ బల్గేరియానే! చర్చలు లాంఛనంగా మొదలైంది 2022 జూలైలో. 2007 నుంచీ ఐపీఏ డబ్బు మాత్రం వస్తూనే ఉంది. రాజధాని స్కోప్యేలోని వాళ్ల చెల్లింపు సంస్థలో 2009 ప్రాంతంలో కుర్రాడిగా చేరినవాడు ఇప్పుడు నడివయసు మనిషి. చేరిక కోసం తయారు చేసిన ఉద్యోగి చేరికను చూడకుండానే నాలాగా రిటైరవుతాడేమో.

టర్కీ గురించి చెప్పనక్కర్లేదు. 1987లో దరఖాస్తు, 1999లో అభ్యర్థి హోదా, 2005లో చర్చలు, 2018కల్లా చర్చలు ఆగిపోయాయని యూనియనే ప్రకటించింది. 2007-2020 మధ్య ఆ దేశానికి 900 కోట్ల యూరోలకు పైగా కేటాయించారు, అందరికంటే ఎక్కువ. యూనియన్ సొంత ఆడిట్ కోర్టే 2018లో టర్కీ మీద రిపోర్టు రాసి, ఫలితాలు పరిమితమేనని తేల్చింది. అసలు సమస్యలైన న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ వంటివాటి మీద ఈ డబ్బు పెద్దగా పనిచేయలేదట. 2019లో సైప్రస్ దగ్గర సముద్రంలో గ్యాస్ కోసం టర్కీ తవ్వకాలు చేస్తోందని మరుసటి ఏడాది సాయంలో 14.58 కోట్ల యూరోలు కోశారు. ఇది చదివినప్పుడు నాకు అనిపించింది, కోత పడ్డాక తగ్గేది సముద్రంలో డ్రిల్లు కాదు, ఎక్కడో ఎవరి శిక్షణ కార్యక్రమమో, ఎవరి పాల ట్యాంకో.

2022లో అదే ఆడిట్ కోర్టు పశ్చిమ బాల్కన్ దేశాల మీద, అంటే ఐపీఏ దేశాల్లో టర్కీ పోగా మిగిలిన ఆరింటి మీద, ఇంకో రిపోర్టు ఇచ్చింది. చట్టబద్ధ పాలన కోసం 2014-2020లో దాదాపు 70 కోట్ల యూరోలు పెట్టారు, అయినా మూల సమస్యలు కదల్లేదని. నాకు ఆశ్చర్యం వేయలేదు. ట్యాంకు మీద సీరియల్ నంబరు చూడొచ్చు, జడ్జికి వెన్నెముక ఉందో లేదో ఏ తనిఖీ ఫారంలో రాస్తాం?

దీనికి జవాబుగా ఇప్పుడు కొత్త పద్ధతి పెట్టారు. పశ్చిమ బాల్కన్ దేశాలు ఆరింటికి 2024-27కి 600 కోట్ల యూరోలు, అందులో 200 కోట్లు గ్రాంటు, 400 కోట్లు తక్కువ వడ్డీ అప్పు. ఐపీఏకు ఇది అదనం. ఇక్కడ బిల్లులు చూడరు. "ఈ చట్టం చేస్తాం, ఈ నియామకాలు ఇలా జరుపుతాం" అని దేశమే మెట్ల పట్టిక రాసివ్వాలి, ఒక్కో మెట్టు ఎక్కాక దానికి కట్టిన మొత్తం విడుదల చేస్తారు. ఎక్కకపోతే ఆ వాటా ఆగుతుంది, గడువు దాటితే పోతుంది. ఐదు దేశాల పట్టికలకు 2024 అక్టోబరులో కమిషన్ ఆమోదం దొరికింది. ఆరోది బోస్నియా, దాని పట్టిక అప్పటికి తయారవలేదు, కారణం మళ్లీ ఆ ఇంటి గొడవే.

ఇది మంచిదా అని అమ్మాయి అడిగింది. ఆడిటరుగా తనకు నచ్చలేదు. "బిల్లు ఉంటే నాకు తెలుస్తుంది నాన్నా, సంస్కరణ జరిగిందని ఎవరి మాట నమ్మాలి?" అంటుంది. నాకు మాత్రం కొంత నచ్చింది. కోర్టులో ఖాళీలు నింపడం ప్రభుత్వం పని, దాని డబ్బు ప్రభుత్వానికి ఆగితే న్యాయం. మంత్రి చేయని పనికి పాడి రైతు ట్యాంకు ఆపడం కంటే నయం. కాకపోతే మూడింట రెండొంతులు అప్పు అన్నది మింగుడు పడలేదు. సబ్సిడీ అని పిలిచి లోన్ చేతిలో పెట్టడం మా బ్యాంకు వాళ్లకే చెల్లిందనుకున్నాను.

2028 నుంచి ఐపీఏ అనే విడి పద్దు ఉండకపోవచ్చు. 2025 జూలైలో కమిషన్ పెట్టిన ప్రతిపాదనలో దాన్ని యూనియన్ బయటి దేశాలకిచ్చే సాయమంతా ఉండే ఒక పెద్ద పద్దులో కలిపేస్తున్నారు. ఇంకా బేరాలు సాగాల్సి ఉంది. మరోపక్క మాంటెనెగ్రో 2028కల్లా సభ్యదేశం కావాలని గట్టిగా పట్టుబట్టింది. ఆరు లక్షల పైచిలుకు జనాభా, మా మద్రాసులో ఒక మూల వార్డులన్నీ కలిపితే అంత జనం తేలతారు. అది చేరితే దాని పాత ఫైళ్లు, సగంలో ఉన్న కొట్టాలు, చెల్లించాల్సిన బిల్లులు బల్గేరియావిలా గాలిలో పడతాయా, సాఫీగా దాటతాయా అన్నది చూడాలని ఉంది. గూడూరాయన పడతాయని పందెం కట్టారు, నేను దాటతాయన్నాను. ఓడినవాళ్లు ఇద్దరికీ కాఫీ ఇప్పించాలి.